కేబుల్ మానేసి ఓటీటీలతో సరిపెట్టుకోవచ్చా?

విశాఖలో ఉంటూ ఇంట్లో వైఫై ఉన్నప్పుడు కేబుల్ బిల్లు ఇంకా కట్టాలా అన్నది ప్రశ్న. ముందు ఇంట్లో ఎవరు ఏ సీరియల్ చూస్తారో కాగితం మీద రాయండి. అసలు లెక్క అక్కడే తేలుతుంది. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో వస్తాయి. అమ్మగారు నాలుగు ఛానళ్లూ చూస్తుంటే నాలుగు చందాలు కట్టాలి, నాలుగు యాప్‌లు వెతుక్కోవాలి. రిమోట్‌లో నంబరు నొక్కే అలవాటున్న పెద్దవాళ్లకు అది నిజంగా కష్టం. అలాంటి ఇంట్లో కేబుల్ ఉంచండి. చూసేది ఒకటి రెండు ఛానళ్లే అయితే తీసేయొచ్చు. వార్తలకు బెంగ లేదు, తెలుగు న్యూస్ ఛానళ్లు చాలావరకు యూట్యూబ్‌లో ఉచితంగా లైవ్ వస్తాయి.

ఓటీటీలో హెచ్‌డీగా చూస్తే గంటకు సుమారు 3 జీబీ డేటా అవుతుంది. రోజుకు మూడు గంటలు చూస్తే నెలకు 270 జీబీ. అందుకే ఫోన్ హాట్‌స్పాట్‌ను నమ్ముకోవద్దు, రోజువారీ 1.5 జీబీ అరగంటకే అయిపోతుంది.

చాలామంది మరిచేది ఇంకొకటి ఉంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద టీవీ వెలుగుతుంది, కానీ రూటర్ ప్లగ్ మామూలు లైన్‌లో ఉంటే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. రూటర్‌నీ, బయటి నెట్ వైరు వచ్చి చేరే ఫైబర్ డబ్బానీ ఇన్వర్టర్ లైన్‌కే పెట్టించండి. తుపాను గాలికి వైర్లు తెగితే నెట్, కేబుల్ రెండూ పోతాయి. నెలవారీ చందా లేకుండా గొడుగు యాంటెన్నాతో వచ్చే దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ అప్పుడు అక్కరకొస్తుంది, జోరువానలో సిగ్నల్ తగ్గినా సరే.