సారీ చెప్పారు సరే, కొత్త పుస్తకం కొనొచ్చా?

ప్రశ్న: అక్కా, నేను కొండాపూర్‌లో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా ప్రతి ఆదివారం మా ఫ్లాట్‌లో ఐదుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం, ఒక్కొక్కరం ఒక పాత్రగా మారి కథ నడిపే ఆట అది. నేనే డీఎంని, అంటే కథ చెప్పి ఆట నడిపేవాణ్ణి. 2024లో వచ్చిన కొత్త నియమాల పుస్తకం, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, కొందామనుకుంటే మాలో ఒకడు, నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్, అస్సలు ఒప్పుకోవడం లేదు. 2023లో జరిగిన లైసెన్స్ గొడవ తర్వాత ఆట ప్రచురించే కంపెనీకి రూపాయి ఇచ్చినా టేబుల్ దగ్గరికి రానంటున్నాడు. వాళ్లు వెనక్కి తగ్గారు, సారీ కూడా చెప్పారు, ఇంకా ఎందుకురా అన్నానని నా మీద కోపం. రెండు ఆదివారాలుగా ఆట లేదు. క్షమించేయడం తప్పా?
– పేరు వద్దన్నారు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, మీ ఫ్రెండ్ కోపం నాకు కొత్త కాదు. అదే కోపం నాకూ వచ్చింది. నేనుండేది అమెరికాలో, బెల్‌వ్యూలో. ఆ ఆట ప్రచురించే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫీసున్న రెంటన్ మాకు పక్క ఊరే. పదిహేనేళ్లుగా ఈ ఆట ఆడుతున్నాను. ఒక చిన్న పుస్తకం కూడా రాశాను. కొల్లేటి లంకలో జరిగే కథ, 24 పేజీల అడ్వెంచర్. 2019లో పీడీఎఫ్‌గా ఐదు డాలర్లకు పెడితే ఇప్పటిదాకా 61 కాపీలు పోయాయి. దాని చివరి పేజీ నిండా చిన్న చిన్న అక్షరాల్లో ఓపెన్ గేమ్ లైసెన్స్ ఉండేది. గొడవంతా ఆ పేజీ గురించే.

విషయం తెలియని పాఠకుల కోసం కొంచెం చెబుతాను. 2000లో ఈ ఆట మూడో ఎడిషన్ వచ్చినప్పుడు కంపెనీ మూల నియమాలను ఆ లైసెన్స్ కింద బయటపెట్టింది. వాటితో ఎవరైనా సొంత పుస్తకం రాసుకుని అమ్ముకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. ఆ మాట నమ్ముకునే ఎన్నో చిన్న ప్రచురణ సంస్థలు పుట్టాయి. పైజో అనే సంస్థ వేసే ఇలాంటి ఆటే పాత్‌ఫైండర్, అది కూడా 2009లో ఆ పునాది మీదే లేచింది.

2023 జనవరి మొదటి వారంలో కొత్త లైసెన్స్ ముసాయిదా పత్రికలకు లీకయింది. ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటిన అమ్మకాల మీద 25 శాతం రాయల్టీ అడిగారు. నా 61 కాపీలకు దాంతో పనేం లేదు. నాకు కష్టం కలిగించినవి వేరే రెండు. పాత లైసెన్స్ ఇకమీదట చెల్లదన్నారు. మనం రాసినదాన్ని కంపెనీ ఎప్పటికీ, ఉచితంగా, ఎలాగైనా వాడుకోవచ్చన్నారు.

ఆ రాత్రి నా పుస్తకం చివరి పేజీ ప్రింట్ తీసి, హైలైటర్ పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. నాలుగో సెక్షన్‌లో 'పర్‌పెచ్యువల్' అని ఉంది, అంటే శాశ్వతం. హమ్మయ్య అనుకున్నాను. తొమ్మిదో సెక్షన్‌కి వచ్చేసరికి లైసెన్స్ తాలూకు 'ఆథరైజ్డ్' వెర్షన్ ఏదైనా వాడుకోవచ్చని ఉంది. కంపెనీ పట్టుకున్నది ఆ మాటనే. పాతదాన్ని ఆథరైజ్డ్ కాదనేస్తే సరిపోతుందన్నది వాళ్ల లెక్క. 'ఇర్రివోకబుల్', అంటే వెనక్కి తీసుకోలేనిది అనే మాట కోసం పేజీ అంతా వెతికాను. లేదు. 2000లో అలా రాయాలని ఎవరికీ తోచినట్టు లేదు. పైగా మేం మార్పులు చేసినా మీకు నచ్చిన పాత వెర్షనే వాడుకోవచ్చని కంపెనీయే తన వెబ్‌సైట్‌లో ప్రశ్నలు, జవాబుల కింద అప్పట్లో రాసింది. జనం నమ్మింది ఆ మాటనే.

మా నాన్న కైకలూరు దగ్గర నాలుగెకరాలు నోటిమాట మీద కౌలుకిచ్చేవారు. కౌలుదారు గట్టు మీద కొబ్బరిచెట్లు వేసుకున్నాడు. ఆ కాయలు ఎవరివని కాగితంలో ఎక్కడా లేదు, అసలు కాగితమే లేదు. నాన్న ఉన్నన్నాళ్లూ మమ్మల్ని ఒక్క కాయ కోయనివ్వలేదు. "చెట్టు వాడిదమ్మా" అనేవారు. కంపెనీ ఇరవై రెండేళ్ల తర్వాత ఒక పదాన్ని అడ్డం పెట్టుకుని చెట్టు మాదే అంటే ఎవరికైనా మండుతుంది. మీ ఫ్రెండ్‌కి ఇప్పటికీ మండుతోందంటే నేను తప్పుపట్టను.

తర్వాత జరిగింది కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. జనవరి 13న వచ్చిన కంపెనీ మొదటి ప్రకటనలో, గొడవ చేసినవాళ్ల గురించి "వాళ్లూ గెలిచారు, మేమూ గెలిచాం" అన్న ధోరణి ఉంది. దాంతో కోపం ఇంకా పెరిగింది. తర్వాతి వారం క్షమాపణ, మరో ముసాయిదా, దాని మీద సర్వే వచ్చాయి. పదిహేను వేల మందికి పైగా జవాబిచ్చారు. ఆ లైసెన్స్ కింద ఆట పుస్తకాలు వేయాలనుకోవడం లేదని 88 శాతం మంది చెప్పారు. ఆ అంకెలు బయటపెట్టింది కంపెనీయే. జనవరి 27న పాత లైసెన్స్‌ను ముట్టుకోబోమని చెప్పి, నాలుగు వందల పేజీల పైచిలుకు ఉన్న మూల నియమాల పత్రాన్ని, ఎస్ఆర్‌డీ 5.1ని, ఎవరైనా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలేశారు.

నేను మీ ఫ్రెండ్‌తో విభేదించేది ఇక్కడే. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఆ కంపెనీ రాసింది కాదు, మార్చడం కంపెనీ చేతిలో లేదు. నేను ఆ రాత్రి వెతికిన 'ఇర్రివోకబుల్' అనే మాట అందులో స్పష్టంగా ఉంది. సారీ నోటిమాట, ఇది రిజిస్ట్రేషన్ అయిన దస్తావేజు. 2025 ఏప్రిల్‌లో 2024 నియమాలకు సంబంధించిన ఎస్ఆర్‌డీ 5.2ని కూడా అలాగే ఇచ్చారు. అప్పటికి వీధిలో గొడవ లేదు, అడిగేవాళ్లు తక్కువ. అయినా ఇచ్చారు. నా దృష్టిలో క్షమాపణ కంటే దానికే విలువెక్కువ.

అలాగని అంతా సర్దుకుపోయిందని అనను. 2023 ఏప్రిల్‌లో, అదే కంపెనీ వేసే మరో ఆట మ్యాజిక్ కార్డులు విడుదలకు ముందే చేతికొస్తే వాటిని వీడియోలో చూపించాడని ఒక యూట్యూబర్ ఇంటికి పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ మనుషులను పంపారు. ఆ డిసెంబర్‌లో, క్రిస్మస్‌కు రెండు వారాల ముందు, మాతృసంస్థ హాస్‌బ్రో 1,100 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఈ ఆట రాసినవాళ్లకూ ఆ దెబ్బ తగిలింది. నాకు ఆ వార్త లైసెన్స్ కంటే ఎక్కువ బాధనిపించింది. 2024 ఆగస్టులో ఈ ఆట ఆన్‌లైన్ సైట్ డీ అండ్ డీ బియాండ్‌లో జనం డబ్బు పెట్టి కొనుక్కున్న పాత మంత్రాలను కొత్తవాటితో మార్చేస్తామని చెప్పి, అందరూ అరిచాక కొద్ది రోజులకే మానుకున్నారు. ముందు చేసి చూడటం, జనం తిరగబడితే ఆగడం. ఈ అలవాటు పోయిందని నాకు నమ్మకం లేదు.

అందుకే నా పద్ధతి చెబుతాను. పేపర్ పుస్తకం కొంటాను, షాపులోనే కొంటాను. అది నా షెల్ఫ్‌లో ఉంటుంది, ఎవరూ వచ్చి రాత్రికి రాత్రి పేజీలు మార్చరు. డీ అండ్ డీ బియాండ్‌కి నెలనెలా కట్టే సబ్‌స్క్రిప్షన్ మాత్రం 2023 జనవరి నుంచి లేదు, మళ్లీ తీసుకోను. ఏటా ఆ డబ్బుతో చిన్న ప్రచురణకర్తల పుస్తకాలు రెండు మూడు తెచ్చుకుంటాను. క్షమించానా అంటే, కంపెనీని క్షమించాల్సినంత దగ్గర సంబంధం నాకు దాంతో ఎప్పుడూ లేదు. నా దగ్గరి సంబంధం టేబుల్ చుట్టూ కూర్చునేవాళ్లతో.

నీ విషయానికొస్తే, నీ డబ్బుతో నువ్వు పుస్తకం కొనుక్కోవడం తప్పు కాదు. అతన్ని మాత్రం కొనమనకు, క్షమించమని కూడా అడక్కు. ఎస్ఆర్‌డీ 5.2 ఉచితంగా దొరుకుతుంది, అతని క్యారెక్టర్‌కి అది చాలు. అదీ కుదరదంటే పాత్‌ఫైండర్ ఆడండి. దాని నియమాలన్నీ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ సైట్‌లో చట్టబద్ధంగానే, ఉచితంగా ఉన్నాయి. మా టేబుల్‌లో ఒకావిడ అప్పట్లోనే పాత్‌ఫైండర్‌కి మారిపోయింది. నెలకోసారి నేనే నా డైస్ సంచి పట్టుకుని వాళ్లింటికి వెళ్తాను. ఆమె పెట్టే పులిహోర తిని, ఆమె నడిపే కథలో మరుగుజ్జు పూజారిగా ఆడి వస్తాను. మూడేళ్లు ప్రతి ఆదివారం నీ ఇంటికొచ్చిన మనిషి అతను. ఈ ఆదివారం లోపు ఫోన్ నువ్వే చెయ్యి.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. కొరివిదెయ్యం, శాకిని, ఢాకిని లాంటివాటిని ఈ ఆటలో రాక్షసులుగా రాసి, బొమ్మలు గీసి పీడీఎఫ్ చేసింది. అమ్ముకుంటానంటోంది. ఈ లైసెన్సుల సంగతి వింటే నాకు టెన్షన్‌గా ఉంది. రేపు ఎవరైనా కేసు పెడితే?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: టెన్షన్ వద్దండీ. ఎస్ఆర్‌డీ 5.1లోగానీ 5.2లోగానీ ఉన్న నియమాలే వాడమనండి, కంపెనీ అమ్మే పుస్తకాల్లోంచి ఏదీ ఎత్తి రాయొద్దు. ఏ వాక్యాలతో ఆ పత్రాన్ని పేర్కొనాలో అందులోనే రాసి ఉంటుంది. వాటిని ఉన్నదున్నట్టు తన పుస్తకంలో వేయాలి. అట్ట మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరు, లోగో వేయకూడదు. 'ఫిఫ్త్ ఎడిషన్‌కి సరిపోతుంది' అని వేసుకోవచ్చు, ఆ పత్రమే అనుమతిస్తుంది. అమ్మాయి కొరివిదెయ్యం రాత, బొమ్మ పూర్తిగా ఆమెవే. వాటిని ఎవరికీ ఉచితంగా ఇవ్వాల్సిన పని లేదు, రాయల్టీ కట్టాల్సిన పనీ లేదు. నా కొల్లేటి పుస్తకాన్ని కూడా 2023 వేసవిలో ఇలాగే మార్చాను. చివరి పేజీ మొత్తం తీసేస్తే, దాని స్థానంలో నాలుగు వరుసలు సరిపోయాయి. మిగిలిన జాగాలో లంక మ్యాప్ వేశాను. పుస్తకం సిద్ధమయ్యాక లింకు పంపమనండి, మొదటి కాపీ నేను కొంటాను.