సమాధానం: ఫొటోలోని బూడిదరంగు పెట్టె సోడా మెషీనేనండి

మాస్కోలో చదువుకునే రోజుల్లో మీ నాన్నగారు తీయించుకున్న ఫొటోలో వెనకున్న పెట్టె ఏమిటి, అందులో ఒక్కటే గ్లాసు ఎందుకుంది, అది ఏ ఏడాది ఫొటో అని అడిగారు కదా.

అది వీధి సోడా మెషీన్. ఒక కోపెక్ (రూబుల్‌లో నూరో వంతు, మన పైసా లాంటిది) వేస్తే ఉత్త సోడా, మూడు వేస్తే సిరప్ కలిపిన సోడా. గ్లాసు అందరిదీ ఒకటే. అక్కడున్న జాలీ మీద బోర్లించి నొక్కితే కింద నుంచి నీళ్లు చిమ్మి కడిగేది. తర్వాత అందులోనే పట్టుకుని తాగేవారు. మన ఇళ్లలో ఎంగిలి పట్టింపు తెలిసిందే, కొత్తగా వెళ్లిన మనవాళ్లకు ఎంత ఇబ్బందిగా ఉండేదో!

ఇక ఏడాది సంగతి. మెషీన్ మీద ఆ 1, 3 కోపెక్‌ల ధరలు కనిపిస్తే, 1961లో అక్కడ పాత నోట్లు మార్చి కొత్త రూబుళ్లు తెచ్చిన తర్వాతి ఫొటో అనుకోవచ్చు. పక్కన జిగులీ అనే సోవియట్ కారు ఉందన్నారు. వాటి తయారీ మొదలైందే 1970లో, కాబట్టి అంతకు ముందుది కాదు. కారు నంబరు ప్లేటు కూడా భూతద్దంతో చూడండి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే 1980 ప్రాంతానికి వచ్చేసినట్టే. నల్ల ప్లేటైతే మాత్రం తేల్చలేం, పాతవి ఆ తర్వాతా తిరిగాయి.

ఫొటో వెనక పెన్సిల్ రాత ఏమైనా ఉందా? ఉంటే చెరపకుండా స్కాన్ చేసి పెట్టండి, చదివి చెబుతాను.