విండోస్ 7లో శాన్ ఆండ్రియాస్ మోడ్లు వేస్తే ఒకసారి కనిపించి మళ్లీ ఎందుకు మాయమవుతున్నాయి?

తమ్ముడూ, మీ అన్నయ్య వాడిన పాత పీసీలో, విండోస్ 7, 2 జీబీ ర్యామ్ మీద, జీటీఏ శాన్ ఆండ్రియాస్ గేమ్‌కి క్లియో (గేమ్‌లో కొత్త పనులు చేయించే చిన్న స్క్రిప్టులను నడిపేది), అంబాసిడర్ కారు మోడ్ (గేమ్‌ని మార్చే అదనపు ఫైళ్లు) వేశానని, కారు ఒకరోజు కనిపించి మర్నాడు లేదని, క్లియో స్క్రిప్టులు అసలు పనిచేయడం లేదని, మూడుసార్లు గేమ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశానని రాశావు. నాలుగోసారి చేయకు. అదే ఫోల్డర్‌లో మళ్లీ వేస్తే మళ్లీ అదే జరుగుతుంది.

కారు మాయమవడం నాకూ జరిగింది. 2011లో హాస్టల్లో ఉండగా టాక్సీ స్థానంలో ఒక కారు పెట్టాను, కార్లు, బిల్డింగుల మోడళ్లు ఉండే జీటీఏ3 ఐఎంజీ ఫైల్‌ని తెరిచే పాత ఐఎంజీ టూల్‌తో అందులో మోడల్ మార్చాను, గేమ్ తెరిస్తే కారు బ్రహ్మాండంగా కనిపించింది. తర్వాత గేమ్ మధ్యలో ఆగిపోతోందని పక్క రూమ్ సీనియర్ ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టు’ అన్నాడు, కొట్టాను, కారు పోయి పాత టాక్సీ వచ్చేసింది. మోడ్ ఫైల్ పాడైందనుకుని రెండు రాత్రులు వేరే వేరే కార్లు దింపుకుంటూ కూర్చున్నాను. అసలు సంగతి ఏమిటంటే, విస్టా నుంచి విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పాత ప్రోగ్రాములను నేరుగా రాయనివ్వదు. వాటికి తెలియకుండానే ఆ మార్పును మన యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా, అందులో లోకల్, అందులో వర్చువల్ స్టోర్ అనే చోట వేరే కాపీగా పెడుతుంది. గేమ్ మామూలుగా తెరిస్తే ఆ కాపీని చదువుతుంది, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే అసలు ఫైల్‌ని చదువుతుంది. అంటే ఒకే గేమ్‌కి రెండు జీటీఏ3 ఫైళ్లు తయారవుతాయి, ఏది ఎప్పుడు తెరుచుకుంటుందో మనకి అర్థం కాదు.

కాబట్టి ముందు గేమ్ ఫోల్డర్ మొత్తాన్ని డీ డ్రైవ్‌లో, గేమ్స్ అనో మరోటనో పేరు పెట్టి, అక్కడికి కాపీ చేసుకో. సీ డ్రైవ్‌లోనే ఉంచాల్సి వస్తే ప్రోగ్రామ్ ఫైల్స్ బయట పెట్టు. వర్చువల్ స్టోర్‌లో ఈ గేమ్ పేరుతో ఫోల్డర్ ఉంటే దాన్ని తీసేయ్, కానీ తీసే ముందు అందులో నీ మోడ్ ఫైళ్లు ఏమైనా ఉంటే పక్కన దాచుకో. ఇది చేయకుండా మిగతావి ఎన్ని చేసినా నేను ఒప్పుకోను.

ఇక క్లియో. గేమ్ ఎక్స్ఈ (గేమ్‌ని తెరిచే ఫైల్) మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూడు. పాత మోడ్లు ఎక్కువగా కోరుకునే 1.0 ఎక్స్ఈ 14,383,616 బైట్లు ఉంటుంది, విండోస్ దాన్ని 13.7 ఎంబీ అని చూపిస్తుంది. పీసీలో గేమ్ 2005 జూన్‌లో వచ్చింది, హాట్ కాఫీ అనే మోడ్ మీద పెద్ద గొడవ జరిగాక 1.01 ప్యాచ్, ఆ తర్వాత మళ్లీ వేసిన డిస్కులు, ఆ పైన స్టీమ్ వెర్షన్ వచ్చాయి. 1.0 కోసం రాసిన చాలా స్క్రిప్టులు వీటిలో సరిగ్గా నడవవు. నీది వేరే వెర్షన్ అయితే డౌన్‌గ్రేడర్ (పాత వెర్షన్‌కి మార్చే టూల్)తో 1.0కి తెచ్చుకో, ముందు అసలు ఎక్స్ఈని కాపీ పెట్టుకో.

సరైన ఎక్స్ఈ ఉండి క్లియో లోడ్ అయితే మెయిన్ మెనూలో ఒక మూల క్లియో వెర్షన్ కనిపిస్తుంది, గేమ్ ఫోల్డర్‌లో క్లియో లాగ్ అనే ఫైల్ కూడా తయారవుతుంది. అది నోట్‌ప్యాడ్‌లో తెరువు. ఏ స్క్రిప్ట్ లోడయిందో, ఎక్కడ ఆగిందో అందులో వరుసగా ఉంటుంది. నేను గంటల కొద్దీ ఊహించి వెతికిన జవాబులు చాలావరకు ఆ చిన్న ఫైల్లోనే దొరికాయి. అందుకే దాన్ని ఇంత పట్టుపట్టి చెబుతున్నాను. లాగ్ అసలు లేదంటే క్లియో మొదలే కాలేదన్నమాట, అప్పుడు దానితో వచ్చిన ఏఎస్ఐ లోడర్ డీఎల్ఎల్ (గేమ్ తెరుచుకోగానే క్లియోని లోడ్ చేసే ఫైల్) గేమ్ ఫోల్డర్‌లోకి వెళ్లిందా లేదా చూడు. జిప్ ఫైల్‌ని సబ్‌ఫోల్డర్‌లోకి విప్పడం అందరూ చేసే పొరపాటు.

ఏపీఐ ఎంఎస్ విన్ సీఆర్టీ అని మొదలయ్యే డీఎల్ఎల్ లేదని మెసేజ్ వస్తే, విండోస్ 7కి సర్వీస్ ప్యాక్ 1 ఉండాలి, ఆ పైన కేబీ2999226 అప్‌డేట్ వేయాలి. డీ3డీఎక్స్9 అని మొదలయ్యే డీఎల్ఎల్ లేదని వస్తే మైక్రోసాఫ్ట్ డైరెక్ట్ఎక్స్ జూన్ 2010 రన్‌టైమ్ వెయ్యి. ఒక్కో డీఎల్ఎల్‌ని విడిగా ఇచ్చే సైట్ల జోలికి వెళ్లకు, ముఖ్యంగా 2020 జనవరి నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ మీద.

మౌస్ పనిచేయకపోతే, లేదా మొదట్లోనే గేమ్ మూసుకుపోతే, డాక్యుమెంట్స్‌లో యూజర్ ఫైల్స్ ఫోల్డర్ నుంచి జీటీఏ_ఎస్ఏ సెట్ అనే ఫైల్ ఒక్కటి తీసేయ్. సెట్టింగులే పోతాయి, సేవ్ గేమ్స్ పోవు.

కార్ల మోడ్లకి ఐఎంజీ టూల్ మానేసి మోడ్ లోడర్ (మోడ్లని విడి ఫోల్డర్ల నుంచి లోడ్ చేసేది) వాడు. కారుకి ఒక ఫోల్డర్, నచ్చకపోతే ఆ ఫోల్డర్ తీసేస్తే చాలు, అసలు ఫైల్ ముట్టుకోనక్కర్లేదు. భారీ టెక్స్చర్లు (మోడల్ మీద అతికే బొమ్మలు) ఉన్న కార్లు రెండు మూడుకి మించి పెట్టకు. గేమ్ మోడళ్ల కోసం తనంతట తాను కేటాయించుకునే మెమరీ దాదాపు 50 ఎంబీనే, అది నిండితే రోడ్డు, బిల్డింగులు కళ్ల ముందే మాయమవుతాయి.

ఒక్కో మోడ్ వేసి, గేమ్ తెరిచి, కనీసం పది నిమిషాలు ఆడి, అప్పుడు రెండోది వెయ్యి. ఎక్కడైనా ఆగితే టెన్షన్ పడకుండా ఎక్స్ఈ సైజు, క్లియో లాగ్‌లో చివరి పది లైన్లు ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.