వట్టివేరు సెంటు మన ఉక్కపోతకి సరిపోతుందా?

ప్రశ్న: మా మావయ్యగారు గెర్లాన్ వారి వెటివర్ సెంటు ఇచ్చారు. కొట్టుకోగానే నిమ్మ వాసన, కాసేపటికి మట్టి వాసన వస్తోంది. ఫ్రెండ్స్ పెద్దవాళ్ల సెంటు అంటున్నారు. వాడనా, మాననా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: నిక్షేపంగా వాడండి. మీ మావయ్యగారి అభిరుచికి నా నమస్కారం. గెర్లాన్ 1828లో పారిస్‌లో మొదలైన సంస్థ. ఈ సెంటు చేసింది ఆ కుటుంబానికే చెందిన జాన్‌పాల్ గెర్లాన్.

మీరు మట్టి వాసన అంటున్నది వట్టివేరు. ఎండాకాలం కిటికీలకు తడికెలు కట్టి నీళ్లు చల్లుతామే, అదే వేరు. నిమ్మజాతి నూనెలు తేలికైనవి, త్వరగా ఆవిరైపోతాయి. వేరు నూనె బరువైనది, గంటల తరబడి నిలుస్తుంది. అందుకే వాసన అలా మారుతుంది, అది లోపం కాదు. మధ్యలో జాజికాయ, మిరియాలు, పొగాకు కూడా ఉన్నాయి. ఆ ఎండు పొగాకు ఘాటంటే నాకు ప్రాణం! తొందరపడకుండా మూడు గంటలయ్యాక కాలర్ దగ్గర వాసన చూడండి, మీకే తెలుస్తుంది.

విశాఖ చెమటకి తియ్యటి సెంట్లు వెగటు పుట్టిస్తాయి. సిటీ బస్సులో అయితే పక్కవాళ్లకీ ఇబ్బందే. ఇది మాత్రం పొడిగా, శుభ్రంగా ఉంటుంది. స్నానం చేసి ఒళ్లు బాగా తుడుచుకున్నాక మెడ దగ్గర రెండుసార్లు కొడితే చాలు. రుద్దకండి. సీసాని ఎండ తగలకుండా బీరువాలో పెట్టండి. పట్టు చొక్కా మీద కొట్టకండి, మరక పడుతుంది.