కార్తీకంలో కూనూరు వెళ్లొచ్చా?

(ప్రయాణాల మీద పాఠకుల ప్రశ్నలకు ఈ నెల తమిళనాడు నీలగిరి కొండల్లో, ఊటీకి దగ్గర్లోని కూనూరులో స్థిరపడిన ఒక తెలుగు ఉపాధ్యాయిని జవాబులు)

ప్రశ్న: దీపావళి వెళ్లిన వారం మా ఆయనకు సెలవు దొరికింది. మా అత్తగారికి ఎప్పట్నుంచో ఊటీ టాయ్ ట్రైన్ ఎక్కాలని కోరిక. ఆవిడకు డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులు. బాబుకు ఆరేళ్లు. ఫోన్లో చూస్తే వారం పొడుగునా వానే చూపిస్తోంది. టికెట్లు రద్దు చేసేద్దాం అంటున్నారు మా ఆయన. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఇప్పుడే రద్దు చేయకండి. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా నీలగిరులకు ఫోన్లో ఆ వాన మబ్బు బొమ్మ దాదాపు రోజూ కనిపిస్తుంది. అరగంట చినుకులు పడినా అదే బొమ్మ, రాత్రంతా కుండపోతగా కురిసినా అదే బొమ్మ. దాన్ని పట్టుకుని ఏదీ తేల్చుకోలేం.

ముందు వాన ఎటు నుంచి వస్తుందో తెలుసుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి వాన పడమటి నుంచి కొడుతుంది. అప్పుడు తడిసి ముద్దయ్యేది గూడలూరు, నడువట్టం వైపు. మీరు వచ్చే రోజుల్లో గాలి బంగాళాఖాతం నుంచి వీస్తుంది. తూర్పు వాలు మీద ఉన్న కోత్తగిరి, కూనూరు ఆ వానను ముందు అందుకుంటాయి. 2,637 మీటర్ల దొడ్డబెట్ట శిఖరం అడ్డు నిలవడంతో వెనకనున్న ఊటీకి అంత వాన చేరదు. రెండు ఊళ్లకూ దూరం 20 కిలోమీటర్ల లోపే. అయినా కూనూరు బజారులో గొడుగు లేనిదే అడుగు వేయలేని పూట ఊటీ చెరువు దగ్గర ఎండ కాస్తుండటం నేను చాలాసార్లు చూశాను. వాన మీ ఆయనకు నిజంగా గిట్టకపోతే బస ఊటీలో పెట్టుకోండి.

నన్నడిగితే మాత్రం కూనూరే అంటాను. ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది, కూనూరు 1,850 మీటర్లు. ఈ నెలల్లో ఊటీలో రాత్రి చలి పది డిగ్రీల దాకా దిగుతుంది. కూనూరులో అంతకంటే రెండు మూడు డిగ్రీలు నయం. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు ఆ తేడా రాత్రిపూట బాగా తెలుస్తుంది. పైగా వాన వెలిసిన పొద్దున తేయాకు తోటల పచ్చదనం చూడాలంటే కూనూరే చూడాలి. మే నెలలో వచ్చేవాళ్లకు అది దొరకదు.

గది విషయంలో మాత్రం నా మాట వినండి. లోయ అంచున కట్టిన ‘వ్యూ’ రూముల కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. మధ్యాహ్నం దాటితే ఆ కిటికీలోంచి పొగమంచు తప్ప ఏమీ కనపడదు. కొండను నిలువుగా కోసి, ఆ కోత కిందే కట్టిన కాటేజీలైతే ఈ నెలల్లో అసలు వద్దు. 2009 నవంబరులో కూనూరు–ఊటీ మధ్యనున్న కేత్తిలో ఒక్క రోజులో 820 మిల్లీమీటర్ల వాన కురిసింది. కొండచరియలు విరిగిపడి జిల్లాలో 40 మందికి పైగా చనిపోయారు. ఇక్కడివాళ్లు ఇప్పటికీ ఆ నవంబరు గురించి చెప్పుకుంటారు. ఊరి మధ్యలో, బస్టాండుకు నడిచేంత దూరంలో, రోడ్డు మట్టంలో ఉన్న గది చూసుకోండి. అత్తగారికి మెట్ల బాధ కూడా తప్పుతుంది.

ఇక ఆవిడ రైలు. కొండ కిందనున్న మెట్టుపాళయంలో పొద్దున 7:10కి బయల్దేరి మధ్యాహ్నానికి ఊటీ చేరుతుంది. 46 కిలోమీటర్లలో 208 మలుపులు, 16 సొరంగాలు. కల్లారు నుంచి కూనూరు దాకా మామూలు పట్టాల మధ్యన పళ్లున్న పట్టా ఒకటి ఉంటుంది. ఆవిరి ఇంజను పళ్ల చక్రం ఆ పళ్లను పట్టుకుంటూ పెట్టెలను వెనక నుంచి పైకి నెడుతుంది. వానల్లో మట్టి జారేదీ, చెట్లు కూలేదీ కూడా ఎక్కువగా ఆ దారిలోనే. అలా జరిగితే సర్వీసు రోజుల తరబడి ఆగిపోవచ్చు. కానీ కింద ఆగినా, కూనూరు–ఊటీ మధ్య తిరిగే బళ్లు చాలాసార్లు మామూలుగానే నడుస్తాయి. అందుకని రెండు టికెట్లూ తీసుకోండి: మెట్టుపాళయం నుంచి ఒకటి, మరో రోజుకు కూనూరు నుంచి ఊటీకి ఒకటి. మొదటిది రద్దయితే రెండోది ఉంటుంది. వెల్లింగ్టన్, కేత్తి, లవ్‌డేల్ మీదుగా గంటకు పైగా పట్టే ఆ ప్రయాణంలో సొరంగాలూ ఉన్నాయి, లోయలూ ఉన్నాయి. సుమారు ఐదు గంటలు ఇరుకు పెట్టెలో కూర్చోవడం కంటే ఆవిడ మోకాళ్లకు ఇదే మేలేమో కూడా ఆలోచించండి.

మీకు తెనాలిలో శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. మర్నాడు పొద్దున కోయంబత్తూరులో దింపుతుంది. అప్పటికి ఆ రోజు 7:10 బండి అందదు. కాబట్టి ఆ రాత్రి మెట్టుపాళయంలో ఉండిపోండి. అదేమీ వృథా కాదు. పైన వాన ఎలా ఉందో, రైలు నడుస్తోందో లేదో, ఘాట్ రోడ్డు తెరిచి ఉందో లేదో అక్కడే కనుక్కుని తాపీగా నిర్ణయించుకోవచ్చు. తిరుగు ప్రయాణంలోనూ అంతే. రైలు ఎక్కాల్సిన రోజునే కొండ దిగుదాం అనుకోకండి, ముందు రోజే దిగి కోయంబత్తూరులో పడుకోండి.

వెళ్లాలా మానాలా అన్నది బయల్దేరడానికి మూడు నాలుగు రోజుల ముందు తేల్చుకోండి. చెన్నై వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా ఇచ్చే హెచ్చరికల్లో నీలగిరి జిల్లా చూడండి. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా పడేది భారీ వాన. దానికి పసుపు రంగు ఇస్తారు. పసుపుంటే రండి, ఘాట్ మాత్రం పగలే ఎక్కండి. ఆరెంజ్ ఉంటే కిందే ఆగండి. రెడ్ అంటే 204.4 దాటే వాన. అది మీరు కొండ ఎక్కే రోజుకు ఉంటే మీ ఆయన చెప్పినట్టే రద్దు చేయండి. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే మాత్రం కంగారు పడకండి. అది మన కోస్తా వైపో ఒడిశా వైపో వెళ్తే ఇక్కడ చాలాసార్లు ఆకాశం తెరిపిస్తుంది. అప్పుడు ఇబ్బంది మీకే, నెల్లూరు దారిలో రైళ్లకు. తమిళనాడు తీరం దాటి పడమరకు కదిలేదే మాకు గండం. ఇంకో గుర్తు చెబుతాను: కలెక్టరుగారు కూనూరు తాలూకా బడులకు సెలవిచ్చారన్న వార్త వస్తే ఆ రోజు ఘాట్ ఎక్కొద్దు. మా బడిలో మేమూ ఆ కబురు కోసమే తెల్లవారుజామున లేచి ఫోన్లు చూసుకుంటాం.

వాయుగుండం లేని మామూలు రోజుల్లో తెల్లవారగానే బాగా వెలుతురు ఉంటుంది. పదకొండు, పన్నెండు మధ్య కింద మైదానం నుంచి మబ్బు పాకుతూ పైకొస్తుంది, మూడింటికల్లా వాన. కాబట్టి ల్యాంబ్స్ రాక్, డాల్ఫిన్స్ నోస్ లాంటి వ్యూ పాయింట్లు టిఫిన్ కాగానే చూసేయండి. 1874 నాటి సిమ్స్ పార్కు నాకు చాలా ఇష్టం, కానీ అది లోయలోకి దిగే పార్కు. అత్తగారిని పైన గేటు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి మీరు బాబుతో దిగిరండి. మధ్యాహ్నం వానలో ఏదైనా టీ ఫ్యాక్టరీలోకి వెళ్లండి. ఆకు వాడ్చే చోట వచ్చే ఆ పచ్చి వాసన బాబుకు గుర్తుండిపోతుంది. సాయంత్రం వేడి టీలో వర్కీ ముంచుకు తినండి. పొరలు పొరలుగా ఉండే ఈ ఊళ్ల బేకరీ తిండి అది. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లకూ టీలో నానితే మెత్తగా ఉంటుంది.

చలేస్తోందని గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టించుకోకండి, ఎవరు ఇస్తామన్నా సరే. తలుపులు మూసిన గదిలో ఆ బొగ్గు విషవాయువు వాసన కూడా లేకుండా నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంకో రగ్గు అడగండి, వేడినీళ్ల సంచి తెచ్చుకోండి.

ప్రశ్న: అనంతపురం నుంచి కారులో మైసూరు మీదుగా నవంబరులో ఊటీ వెళ్లాలనుకుంటున్నాం. మసినగుడి దారి దగ్గర అంటున్నారు. వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: గూడలూరు మీదుగా రండి. మసినగుడి నుంచి వచ్చే కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులు, చాలా నిటారు. తడి రోడ్డు మీద, పొగమంచులో, అలవాటు లేని చేతులతో ఆ దారి వద్దు. గూడలూరు దారి పొడుగైనా వాలు తక్కువ, ఈ నెలల్లో ఆ వైపు వానా తక్కువే. బందీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలు వదలరు. కాబట్టి పొద్దున్నే మైసూరులో బయల్దేరితే మబ్బు దిగకముందే ఊటీలో ఉంటారు. 2024 మే నుంచి, మద్రాసు హైకోర్టు ఆదేశంతో, బయటి వాహనాలకు ఈ-పాస్ పెట్టారు. ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తారు, ముందే తీసి పెట్టుకోండి. ఎదురుగా ఏమీ కనపడనంత మంచు కమ్మితే హై బీమ్ వేయకండి, ఇంకా కనపడదు. లో బీమ్‌తో మెల్లగా రండి.

ప్రశ్న: గొడుగా, రెయిన్‌కోటా?
– ఒక విద్యార్థిని

జవాబు: ఊళ్లో గొడుగు, కొండ అంచుల దగ్గర రెయిన్‌కోటు. అక్కడి గాలికి గొడుగు తిరగబడుతుంది. వీటికన్నా ముఖ్యం మేజోళ్లు. ఈ కాలంలో ఇక్కడ ఉతికినవి రెండు రోజులైనా ఆరవు, రోజుకో జత చొప్పున తెచ్చుకోండి. జారని అడుగున్న బూట్లు వేసుకోండి. నీళ్లకు స్టీలు సీసా తెచ్చుకోండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు నీలగిరుల్లో నిషేధం, చెక్‌పోస్టు దగ్గరే తీసేసుకుంటారు.