తలసీమియా క్యారియర్ అని వచ్చింది, బావతో పెళ్లి కుదిరింది. డీఎన్‌ఏ ప్రోబ్ టెస్టు చేయించాలా?

చెల్లీ, నీ హెచ్‌బీఏ2 (రక్తంలో ఒక రకం హిమోగ్లోబిన్, క్యారియర్లలో పెరుగుతుంది) 5.1 శాతం వచ్చిందనీ, మేనమామ కొడుకుతో పెళ్లి కుదిరిందనీ, డాక్టరు డీఎన్‌ఏ ప్రోబ్ టెస్టు అనేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుందనీ రాశావు. తలసీమియా అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు. క్యారియర్ అంటే జబ్బు లేకుండా, దాని జీన్ మార్పు ఒకటి మోసే మనిషి. ముందు మీ బావకి సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు కొలిచే పరీక్ష) చేయించు. అవి తక్కువ ఖర్చు పరీక్షలు. ఐరన్ బాగా తక్కువుంటే హెచ్‌బీఏ2 కూడా తగ్గి కనిపిస్తుంది, అది కూడా చూడమను. ఇద్దరూ క్యారియర్లయితేనే డీఎన్‌ఏ దాకా వెళ్లే పని. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మన దేశంలో సగటున వందకి ముగ్గురో నలుగురో క్యారియర్లుంటారు. మేనరికం కాబట్టి నీలో ఉన్న మార్పే మీ బావకీ వచ్చి ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి.

మాది మేనరికం కాదు. చించినాడ వంతెనకి ఇటు మా పుట్టిల్లు, అటు అత్తారిల్లు. రెండు కుటుంబాలకీ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఇద్దరం క్యారియర్లమే! నాకు ఏడో నెల కాదు, ఏడో వారంలోనే బయటపడింది కాబట్టి బతికిపోయాం. మా ఆయన అప్పుడు కువైట్‌లో ఉన్నారు. అక్కడే పరీక్ష చేయించుకుని రిపోర్టు వాట్సాప్‌లో పెట్టారు, ఆయనదీ ఎక్కువే. సెలవు పెట్టి వచ్చాక ఇద్దరి రక్తం ఊదా మూత గొట్టాల్లో తీసి హైదరాబాద్ పంపారు.

మా అమ్మకి ఒకటే భయం, మన మీద ఏవో ప్రయోగాలు చేస్తున్నారని. ప్రయోగం కాదే అమ్మా, 1976లోనే అమెరికాలో వై. డబ్ల్యూ. కాన్ అనే డాక్టరు ప్రోబ్‌తో కడుపులో బిడ్డకి ఆల్ఫా తలసీమియా ఉందో లేదో చూశాడని కౌన్సెలర్ చెప్పిందే చెప్పాను. డీఎన్‌ఏ అంటే మన కొబ్బరి తాడులా రెండు పురులు పేనినదనుకో. వేడికి పురి విడిపోతుంది. ప్రోబ్ అంటే ల్యాబ్‌లో తయారుచేసిన చిన్న ఒంటి పురి ముక్క. దానికి సరిగ్గా జత కుదిరే చోటే అతుక్కుంటుంది, ఒక్క అక్షరం తేడా ఉన్నా నిలవదు. ఆ ముక్కల్ని ఒక స్ట్రిప్పు మీద వరసగా అంటించి, మన డీఎన్‌ఏని దాని మీద వదులుతారు. అతుక్కున్న చోట రంగు తేలుతుంది. మా ఆయనకి చేసిన స్ట్రిప్పు మాకు చూపించారు. రిబ్బను ముక్కంత ఉంది, మీద ఊదా చుక్కలు. ఐవీఎస్ 1-5 అనే మార్పు దగ్గర మంచి చుక్కా, మార్పు చుక్కా రెండూ వెలిగాయి. మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అదేనట.

నా రిపోర్టులో మాత్రం "నెగెటివ్" అని ఉంది. ఇంక చూడాలి సంబరం! మా అత్తయ్యగారు అయినవిల్లి వెళ్లి వినాయకుడికి కొబ్బరికాయలు కూడా కొట్టొచ్చారు. ఆ కాగితం ఇచ్చిన ల్యాబ్‌వాళ్లు ఒక్క ముక్క వివరంగా చెప్పలేదు. నాకు ఇప్పటికీ కోపం అక్కడే. మా డాక్టరమ్మ చూసి, "హెచ్‌బీఏ2 5.3 ఉన్నమ్మాయికి నెగెటివ్ ఏంటి? స్ట్రిప్పు మీద ఉన్న మార్పులు నీలో లేవని మాత్రమే దీనర్థం" అన్నారు. ప్రోబ్ తను వెతికేదాన్నే పట్టుకుంటుంది, పక్కన ఇంకేమున్నా దానికి తెలియదు. జీన్ మొత్తం అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్ చేయిస్తే అరుదైన మార్పు దొరికింది. ఈ లోపు కడుపులో బిడ్డకి పరీక్ష కోసం పదకొండు నుంచి పదమూడు వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసే గడువు దాటిపోయింది. పదహారో వారంలో ఉమ్మనీరు తీశారు. సూది కన్నా, రిపోర్టు కోసం చూసిన ఆ రెండు వారాలే నరకం. తల్లి కణాలు కలిసి తప్పు రాకుండా నా రక్తం మళ్లీ తీసి పోల్చారు. ఆడా మగా అని మాత్రం డాక్టర్లని అడక్కు, 1994 చట్టం ప్రకారం వాళ్లు చెప్పకూడదు.

పాప క్యారియర్‌గా పుట్టింది, నాలాగే. ఇప్పుడు ఒకటో తరగతి.

కాబట్టి మీ బావ కూడా క్యారియర్ అని తేలితే పెళ్లి మానేయమని నేను అనను. కానీ కడుపు పండకముందే ఇద్దరి మార్పులూ ఏవో తేల్చుకోండి. మేనరికంలో ఒకటే మార్పు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి మీకు వెతకడం మాకన్నా సులువు కావచ్చు. రిపోర్టులో "నెగెటివ్" అని ఉంటే, ఏయే మార్పులకి చూశారో ఆ జాబితా రాసివ్వమని అడుగు. అది లేకుండా ల్యాబ్ గుమ్మం దిగకు.