నల్లమల పక్కనే ఉన్నాం, కలప పని ఎక్కడ నేర్పుతారు?

ఇంటర్ పూర్తయిన అచ్చంపేట తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ముందు ఒకటి చెప్పాలి: నల్లమలలో కలప నరికే ఉద్యోగాలు వెతక్కు. మన వైపు నల్లమల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, కోర్ ఏరియానే 2,166 చదరపు కిలోమీటర్లు. అక్కడ పనంటే కాపలా, ఫైర్ లైన్లు (మంట పాకకుండా శుభ్రం చేసే దారులు), కెమెరా ట్రాప్‌లు (జంతువుల ఫొటోలు వాటంతటవే తీసే కెమెరాలు). బీట్ ఆఫీసర్‌కు (అడవిలో ఒక భాగాన్ని కాపలా కాసే అటవీ ఉద్యోగి) ఇంటర్ చాలు. కానీ 2017 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 4 గంటల్లో 25 కిలోమీటర్ల నడక పెట్టారు, ఇప్పటినుంచే నడువు. సెలెక్టయితే ట్రైనింగ్ దూలపల్లి ఫారెస్ట్ అకాడమీలో. బీఎస్సీ ఫారెస్ట్రీ ములుగులో ఉంది (సిద్దిపేట జిల్లా ములుగు, మేడారం జాతర ములుగు కాదు).

నరికే పని దొరికేది రైతుల నీలగిరి, సుబాబుల్ తోటల్లో. అక్కడ గురువు ముఠా మేస్త్రీయే. నీలగిరిని నేలకు జానెడులోపే, కాస్త ఏటవాలుగా కోయాలి. పైన వాననీళ్లు నిలిస్తే మోడు కుళ్లుతుంది, బెరడు చీలితే చిగుళ్లు సరిగా రావు. తర్వాత వచ్చే పిలకల్లో రెండు మూడే ఉంచుతారు. మిషన్ రంపం పట్టి చాలామంది చెప్పులతోనే దిగుతారు. నువ్వు మాత్రం ముందు బూట్లు కొనుక్కో.